బరకం కప్పిన ఇల్లు

మనిషి తలదాచుకోవడానికి వేసుకొన్న మొదటి కప్పు ఆకులదో గడ్డిదో అయి ఉంటుంది. ఎండను, వానను, మంచును ఆపడం ఆ కప్పు పని. అయితే ఆ కప్పు కిందికి మనిషి తనతోపాటు నిప్పును కూడా తెచ్చుకొన్నాడు. అన్నం వండుకోవడానికి, చలి కాచుకోవడానికి, చీకటిని తరుముకోవడానికి నిప్పు కావాలి. ఆకుకూ నిప్పుకూ పడదు. ఈ రెండింటిచేత ఒకే చోట కాపురం చేయించడానికి మన పల్లెవాసులు ఎన్నో తరాల అనుభవంతో కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొన్నారు. నేడు లక్షలాది పేదల ఇళ్లపై ఆకు పోయి ప్లాస్టిక్ వచ్చింది. కప్పు మారిందిగాని, దానికి తగిన కట్టుబాట్లు ఇంకా ఏర్పడలేదు. ఆ లోటు ఎంత ప్రమాదకరమైనదో, దానిని పూరించడం ఎంత సులభమో చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను కృష్ణా డెల్టాలోని ఒక చిన్న గ్రామంలో తాటాకు ఇంట్లో పుట్టి పెరిగాను. మా వంటపాక ఇంటికి కొంత ఎడంగా, గాలివాటు చూసి వేసినది. దాని గోడలకు చూరు ఎత్తువరకు మట్టి మెత్తి ఉండేది. వేసవిలో పడమటి గాలి వీచే రోజులలో మా నాయనమ్మ తెల్లవారకముందే వంట ముగించి, పొయ్యిలోని నిప్పులపై నీళ్లు చిలకరించి, బూడిదను చేతితో తడిమి చూసి గాని బయటికి వచ్చేది కాదు. నివురు కింద రవ్వ మిగిలి ఉంటుందన్న అనుమానం ఆమెను ఎన్నడూ విడిచిపెట్టలేదు. చూరు పక్కన పొడవైన దోటి ఒకటి ఎప్పుడూ చేరవేసి ఉండేది. పొరుగింటికి నిప్పు అంటుకొంటే ముందుగా మన ఇంటి ఆకును లాగి పారవేయడానికి అది సాధనం. గడ్డివాము దగ్గర చుట్ట వెలిగించినవాడిని, వాడు ఎంత పెద్దవాడైనా సరే, చిన్నపిల్లలు సైతం మందలించేవారు. ఇవి ఎవరూ వ్రాసి ఉంచిన నిబంధనలు కావు. అయినా ఊరంతటికీ తెలుసు.

తాటాకు ఇల్లు నిరపాయమని నేను అనడం లేదు. వేసవి వచ్చిందంటే కోస్తా జిల్లాలలో పేటలకు పేటలు తగలబడిన వార్తలు వింటూ పెరిగిన తరం మాది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాల పూరికప్పుకు అంటుకొన్న నిప్పు 94 మంది పసిపిల్లలను బలిగొన్నది. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం గ్రామాలలో ఉదయం 9 గంటలనుండి సాయంత్రం 6 గంటలవరకు పొయ్యి వెలిగించవద్దని ప్రజలకు సూచించవలసి వచ్చింది. ఆ వార్త చదివినపుడు నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె ఇంటిలో పాటించిన నియమమే ఒక రాష్ట్ర ప్రభుత్వపు ఆదేశమైంది. గడ్డి, ఆకు ప్రమాదకరమని అందరికీ తెలుసు. ఆ ఎరుకే ఎంతో కొంత రక్ష.

ప్లాస్టిక్ విషయంలో అటువంటి ఎరుక లేదు. అది మన పల్లెలకు నిప్పునుండి కాపాడే వస్తువుగా రాలేదు, నీటినుండి కాపాడే వస్తువుగా వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయాయి. ఆ తీరంలో పుట్టినవారికి నీరంటే ఉన్న భయం మాటలకు అందేది కాదు. అటువంటి చోట కారని కప్పు దొరకడం చిన్న విషయం కాదు. ధాన్యం తడవకుండా రైతులు కప్పుకొనే బరకం మొదట చిల్లులు పడిన తాటాకుపై అతుకుగా ఎక్కింది. తరువాత కొందరి ఇళ్లపై అదే పూర్తి కప్పు అయింది. నాలుగు వెదురు కర్రలు, కొంత తాడు, ఒక బరకం ఉంటే ఒక పూటలో గూడు సిద్ధమవుతుంది. ఊరు మారవలసి వస్తే మడతపెట్టి నెత్తిన పెట్టుకొని పోవచ్చు. తుఫాను బాధితునికి, వలస కూలీకి, దేశం విడిచి వచ్చిన కాందిశీకునికి అంత చవుకగా, అంత త్వరగా రక్షణ ఇవ్వగలిగిన వస్తువు మరొకటి లేదు. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు.

అయినా ఆ వస్తువు ఏమిటో తెలుసుకోవాలి. బరకాలు, గుడిసెలపై కప్పే నీలి, నల్ల పట్టాలు చాలావరకు పాలిథీన్‌తో తయారవుతాయి. కిరసనాయిలు, కొవ్వొత్తి మైనం, పాలిథీన్ ఒకే కుటుంబానికి చెందినవి. మూడూ కర్బనం, ఉదజని కలిసిన గొలుసులే. గొలుసు పొడవులోనే తేడా. కిలో ఎండుకట్టె కాలితే సుమారు 16 నుండి 18 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. కిలో పాలిథీన్ కాలితే 43కు పైగా పుడుతుంది. అంటే దాదాపు కిలో కిరసనాయిలు ఇచ్చేంత వేడి. సహాయ శిబిరాలలో కుటుంబానికి ఒకటిగా పంచే 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల బరకం సుమారు 4 కిలోలు తూగుతుంది. లెక్క కడితే ఆ కుటుంబం తల మీద ఇంచుమించు 5 లీటర్ల కిరసనాయిలును పరచినట్లే. కిరసనాయిలు డబ్బాను పొయ్యికి దూరంగా పెట్టాలని పసివాడికి కూడా తెలుసు. కప్పు విషయంలో ఆ ఆలోచన ఎవరికీ రాదు. ఎందుకంటే చూపుకు అది బట్ట.

నేను ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో రసాయనశాస్త్రం బోధించాను. విద్యార్థులకు ఈ విషయం పాఠంగా చెప్పడంకంటె చూపడమే మేలని, ఇసుక పోసిన పళ్లెంపై మూడు ముక్కలను పట్టకారుతో పట్టుకొని వెలిగించి చూపేవాడిని. తాటాకు భగ్గున మండి, కొద్ది క్షణాలలో బూడిద అయ్యేది. నూలుబట్ట అంచునుండి నెమ్మదిగా కాలుతూ, నల్లని బొగ్గుగా మారి రాలేది. పాలిథీన్ ముక్క మాత్రం ముందు ముడుచుకొనేది, పిమ్మట కరిగి, మండుతూనే బొట్లుబొట్లుగా కిందికి జారేది. ఒక్కొక్క బొట్టు పడేటప్పుడు జుయ్యిమని శబ్దం వచ్చేది. బొట్టు ఇసుకలో పడిన తరువాత కూడా కొంతసేపు వెలుగుతూ ఉండేది. అంతవరకు వెనుక బల్లలపై గుసగుసలాడుతున్న పిల్లలు ఆ శబ్దం వినగానే మాట్లాడడం మానేవారు.

ఆ బొట్టులోనే అసలు ప్రమాదం ఉన్నది. పాలిథీన్ రకాన్ని బట్టి 110 నుండి 130 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య కరుగుతుంది. పూరీలు వేగే నూనె అంతకంటె వేడిగా ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటే, పాలిథీన్ మండుతూ ఉండడానికి 18 శాతం చాలు. కనుక ఒకసారి అంటుకొంటే తనంతట తాను ఆరదు. తాటాకు కప్పు కాలేటప్పుడు మంట ముఖ్యంగా పైకి పోతుంది. కిందివారికి బయటపడడానికి కొంత వ్యవధి చిక్కవచ్చు. ప్లాస్టిక్ కప్పు కాలుతూ కిందికి కురుస్తుంది. పడక మీద, బట్టల మీద, మనిషి మీద కురుస్తుంది. తక్కిన ప్లాస్టిక్‌లకు వేరువేరు గుణాలు ఉన్నాయి. పి.వి.సి. అంత తేలికగా అంటుకోదుగాని, కాలినపుడు ఊపిరితిత్తులను దహించే హైడ్రోజన్ క్లోరైడును వదలుతుంది. చల్లదనంకోసం రేకుల కింద అమర్చే థర్మోకోల్ నల్లని దట్టమైన పొగతో మండుతుంది. పరుపులలోని పాలియురెథేన్ నురగ కార్బన్ మోనాక్సైడుతోపాటు హైడ్రోజన్ సయనైడును కూడా పుట్టిస్తుంది. చిన్న గదిలో నిప్పుకంటె ముందు పొగే ప్రాణం తీస్తుంది.

మన ఉపఖండం ఈ పాఠాన్ని చాలా ఖరీదు చెల్లించి నేర్చుకొన్నది. 1995 డిసెంబరు 23న హర్యానాలోని మండీ డబ్‌వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతున్నది. ప్రేక్షకులపై కప్పిన కృత్రిమ వస్త్రపు పందిరికి నిప్పు అంటుకొని, మండుతూ వారిపై కూలింది. బయటికి పోయే దారి ఇరుకు. 440 మందికి పైగా మరణించారు. వారిలో సగానికి పైగా పిల్లలు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాలో, 2017 ఆగస్టు తరువాత మయన్మార్ నుండి వచ్చిన ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు కొండవాలులమీద వెదురు, బరకాలతో వేసిన గుడిసెలలో తలదాచుకొన్నారు. 2021 మార్చి 22న అక్కడ చెలరేగిన మంటలలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోగా, సుమారు 45,000 మంది రెండవసారి నిరాశ్రయులయ్యారు. శిబిరం చుట్టూ ఉన్న ముళ్లకంచెలు తప్పించుకోవడానికి అడ్డుపడ్డాయని బాధితులు చెప్పారు. 2023 మార్చి 5న మళ్లీ దాదాపు 2,000 గుడిసెలు కాలిపోయాయి. హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో 2019 జనవరి 30న వందలాది తాత్కాలిక దుకాణాలు బుగ్గి అయినా ప్రాణనష్టం లేకపోవడం మన అదృష్టం. అదృష్టాన్ని ఏర్పాటుగా భావించకూడదు.

పెద్ద ప్రమాదాలు పత్రికలకు ఎక్కుతాయి. చిన్నవి ఎక్కవు. పదవీ విరమణ తరువాత హైదరాబాదు శివారులో మా ఇంటికి సమీపాన, ఒక బహుళ అంతస్తుల కట్టడం పనిచేస్తున్న పాలమూరు కూలీల గుడిసెల వైపు సాయంత్రాలు నడచి వెళ్లడం నాకు అలవాటైంది. ముప్పై వరకు గుడిసెలు. అన్నింటిపైనా నీలి పట్టాలు. ఒకదాని చూరు మరొకదానికి తగులుతూ ఉండేది. అక్కడ ఎనిమిదేళ్ల పాప ఒకతె నాకు పరిచయమైంది. ఆమె కుడి ముంజేతిపై చినుకులు పడినట్లు గుండ్రని మచ్చలు వరుసగా ఉన్నాయి. అంతకు ముందు ఏడు ఒక రాత్రి కరెంటు పోయినపుడు వెలిగించిన కొవ్వొత్తినుండి గుడిసె అంటుకొన్నదట. నిద్రలేచిన పాప తలకు చేయి అడ్డం పెట్టుకొని బయటికి పరుగెత్తింది. కప్పునుండి పడిన బొట్లు ఆ చేతికి అంటుకొన్నాయి. పక్కింటివారు ఆత్రంకొద్దీ ఆ ప్లాస్టిక్‌ను గోటితో ఒలిచారు. దానితోపాటు చర్మం కూడా వచ్చింది. వారు చెడు తలపుతో చేసినది కాదు. కరిగి అతుక్కొన్న ప్లాస్టిక్‌ను పీకకూడదని, పారే చల్లని నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచి వైద్యుని వద్దకు తీసుకుపోవాలని వారికి ఎవరూ చెప్పలేదు. తాటాకు కాలంలో ఆ ఎరుక అవసరమే రాలేదు.

ఆ పాప తల్లి కొత్తగా వేసుకొన్న గుడిసెలో పొయ్యి లోపలే ఉండడం చూసి, బయట పెట్టుకోరాదా అమ్మా అని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"వానొస్తే ఏడ పెట్టాలె సారూ? బయట పెడితే గాలికి మంట పోయి పక్కోళ్ల పట్టాకే తగుల్తది. లోపలుంటె నా కండ్ల ముందుంటది" అన్నది.

తరువాత నన్ను వంగి చూడమన్నది. పొయ్యి వెనుక నూనె డబ్బాను కోసి చదును చేసిన రేకు నిలబెట్టి ఉన్నది. పైన కూడా మరొక రేకును ఇనుప తీగతో, పట్టాకు జానెడు కిందుగా వేలాడదీసింది. గుడిసె వెనుక వైపు పట్టాకు కుట్టు వేయకుండా, కింద ఒక రాయి మాత్రం పెట్టి ఉంచింది. ఎందుకని అడిగితే, "గటు సుత బయటికి పోవచ్చు" అన్నది. ఎవరూ నేర్పకుండానే ఆమె మూడు సూత్రాలు కనిపెట్టింది. నిప్పుకూ కప్పుకూ మధ్య కాలని వస్తువు ఉండాలి. ఆ రెంటికీ ఎడం ఉండాలి. బయటపడడానికి రెండవ దారి ఉండాలి. అగ్నిభద్రత గ్రంథాలన్నీ చెప్పేవి ప్రధానంగా ఇవే. అయితే ఆమె వాటిని తెలుసుకోవడానికి తన బిడ్డ చేయి కాలవలసి వచ్చింది. మిగిలిన ఇరవైతొమ్మిది గుడిసెలలో అటువంటి రేకు నాకు కనిపించలేదు.

మన దేశంలో నియమాలు లేకపోలేదు. తాత్కాలిక కట్టడాలు, పందిళ్ల అగ్నిభద్రతకోసం భారతీయ ప్రమాణాల సంస్థ 8758 సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. విద్యుత్తు తీగల కింద పందిరి వేయరాదని, కృత్రిమ వస్త్రాలు, కృత్రిమ తాళ్లు వాడరాదని మన అగ్నిమాపక శాఖలు చెబుతూనే ఉంటాయి. పందిరి బట్టను తడపడానికి ఒక ద్రావణం కూడా ఉన్నది. అమ్మోనియం సల్ఫేటు 4 పాళ్లు, అమ్మోనియం కార్బొనేటు 2 పాళ్లు, వెలిగారం 1 పాలు, బోరిక్ ఆమ్లం 1 పాలు, పటిక 2 పాళ్లు, నీరు 35 పాళ్లు. ఇందులో ముంచి ఆరవేసిన నూలుబట్ట మండడానికి బదులు బొగ్గుబారుతుంది. ఖర్చు స్వల్పం. కాని ఈ ఉపాయం దారాలు నీటిని పీల్చుకొనే బట్టకే పనికివస్తుంది. పాలిథీన్ నీటిని పీల్చదు; పీల్చకపోవడమే దాని గొప్ప. పైన ఎంత ద్రావణం పోసినా జారిపోతుంది. నీటినుండి కాపాడే గుణమే దానికి నిప్పునుండి రక్షణ అందకుండా చేస్తున్నది. పాలిథీన్‌లో నిప్పును అణచే మందు చేర్చాలంటే అది కర్మాగారంలో, బరకం తయారయ్యేటపుడే జరగాలి. ఆ మందులన్నీ కూడా నిరపాయకరమైనవి కావు. థర్మోకోల్‌లో చాలాకాలం వాడిన బ్రోమిన్ సమ్మేళనం ఒకటి 2013లో స్టాక్‌హోం ఒప్పందపు నిషేధ జాబితాకు ఎక్కింది. కనుక మందు మీదనే భారం వేసి కూర్చోవడానికి వీలులేదు.

మానవతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం గుడిసెకూ గుడిసెకూ మధ్య కనీసం 2 మీటర్లు, వీలైతే గుడిసె ఎత్తుకు రెట్టింపు ఎడం ఉండాలి. ప్రతి 300 మీటర్లకు 30 మీటర్ల ఖాళీ స్థలం వదలాలి. కూలీల గుడిసెలకు స్థలం చూపే గుత్తేదారుకు మొదటి నియమం పాటించడం కష్టమేమీ కాదు. కాక్స్ బజార్‌లో కట్టెల పొయ్యిలకు బదులు 2018 నుండి వంటగ్యాసు పంపిణీ ప్రారంభించారు. అడవికీ, స్త్రీల ఊపిరితిత్తులకూ మేలు జరిగింది. అయితే గుడిసె అంటుకొన్నపుడు సిలిండరు మరొక ప్రమాదమవుతుంది. ఒక మంచి పని వెంట దానికి తగిన జాగ్రత్త కూడా నడవాలి.

నా దృష్టిలో తక్షణం చేయదగినవి చాలా చిన్న పనులు. బరకం పంచేటపుడే దానితోపాటు పొయ్యి వెనుకకు, పైకి ఒక్కొక్క రేకు ముక్క ఇవ్వవచ్చు. పొయ్యి ఉన్న మూల గోడకు మట్టి మెత్తించవచ్చు. మట్టి కాలదు, దానికి ధర లేదు. కప్పు కింద థర్మోకోల్ అమర్చవద్దని, కొవ్వొత్తిని, దోమలబత్తిని ఇసుక పోసిన మూకుడులో తప్ప పెట్టవద్దని, అతుకుల కరెంటు తీగను పట్టాకు ఆనించవద్దని ఇంటింటికీ చెప్పవచ్చు. కాలిన చేతిపై నీళ్లే పోయాలిగాని ప్లాస్టిక్‌ను పీకరాదని బడిపిల్లలకు నేర్పవచ్చు. బరకం మడత మీదనే ఈ నాలుగు బొమ్మలు అచ్చువేస్తే చదువురానివారికీ అర్థమవుతాయి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త శాసనం అవసరం లేదు. ఇల్లు కాలుతున్నపుడు బావి తవ్వబూనడం మన సామెతకు ఎక్కిన అవివేకం. బావి నేడే తవ్వుకొనే వీలు మనకు ఉన్నది.

ఈ పత్రిక పాఠకులలో ప్రభుత్వ బాధ్యతలు వహించేవారు అనేకులు. వారిలో కొందరి బల్లల మీదికి ఏదో ఒక వర్షాకాలంలో బరకాల కొనుగోలు పత్రాలు వస్తాయి. పొడవు ఎంత, బరువు ఎంత, నీరు దిగుతుందా లేదా అన్న ప్రశ్నలు ఆ పత్రాలలో ఉండవలసినవే. నిప్పు తగిలితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా వాటి పక్కన ఒక వరుసగా చేరాలని నా విన్నపం. పందిరికి, ప్రదర్శనశాలకు అడిగే ప్రశ్నను కూలీ గుడిసె విషయంలో అడగకపోవడానికి మనం చెప్పుకొనే కారణం ఒక్కటే, అది తాత్కాలికం అని. కట్టడం తాత్కాలికమే కావచ్చు. 2017లో కాక్స్ బజార్ చేరిన కుటుంబాలకు పుట్టిన పిల్లలు అక్కడి బరకాల కిందనే నడక నేర్చుకొన్నారు. మన నగరాలను కడుతున్న కూలీల బిడ్డలు ఒక పట్టా కిందినుండి మరొక పట్టా కిందికి మారుతూ పెద్దవారవుతున్నారు. వారికి అదే ఇల్లు. ఇంటికి ఉండవలసిన జాగ్రత్తలన్నీ దానికీ ఉండాలి.